మానని మచ్చకు ‘కరెంటు’ వైద్యం
చర్మపు లింఫోమాలో కిరణ చికిత్స ఎట్లు చేస్తారు? ఇంటివారు తెలిసికొనవలసినదేమి?

తెనాలిలో గాని, బాపట్లలో గాని, రేపల్లెలో గాని పెద్దలున్న ఇంటిలో ఎవరి ఒంటిమీదనైనా ఒక మచ్చ కనబడితే మొదట జరిగే పని ఒక్కటే. పెరటిలోని వేపాకు, వంటింటిలోని పసుపు కలిపి నూరి పట్టు వేస్తారు. అది చాలకపోతే కానుగ నూనె, అదియు చాలకపోతే తగిరిస గింజలను పుల్లని మజ్జిగతో నూరిన ముద్ద. తామరకు, గజ్జికి, చెమట పొక్కులకు ఈ వైద్యం పలుమార్లు ఉపశమనమిస్తుంది కూడా. అందులో తప్పేమియు లేదు. అయితే ఈ వైద్యములన్నింటికిని లొంగక, నెలలు గడచి ఏండ్లు పడినా చోటు విడువని మచ్చ ఒకటున్నది. దానిని గురించి, దానికి చేసే కిరణ చికిత్సను గురించి ఈ వ్యాసం.

రేపల్లె దాపున ఒక పల్లెలో యాభై యైదేండ్ల రైతు ఒకరున్నారనుకొందాము. ఆయన పిరుదుమీద అరచేతి వెడల్పున కొద్దిగా ఎరుపు తిరిగిన మచ్చ ఏర్పడినది. పైన సన్నని పొట్టు, అప్పుడప్పుడు దురద. బట్ట మరుగున ఉండే చోటు కనుక ఎవరికిని చూపలేదు. కొన్నాళ్ళకు తొడ లోపలి వైపున ఒకటి, నడుము ప్రక్కన ఒకటి వచ్చినవి. తామర అనుకొని మందుల దుకాణంలో అడిగి ఒక గొట్టం మందు తెచ్చుకొన్నారు. తగ్గినట్లే తగ్గి మరల వచ్చినది. ఇంకొక గొట్టం తెచ్చినారు. అందులో స్టిరాయిడు ఉన్నదన్న సంగతి ఆయనకు తెలియదు. దురద పోయినది, ఎరుపు తగ్గినది, మానివేయగానే తిరిగి పైకి తేలినది. ఈ విధంగా మూడేండ్లు గడచినవి. అప్పటికి ఒక మచ్చ మందమెక్కి చేతికి గట్టిగా తగులుచున్నది.

ఇది కల్పించిన ఉదాహరణమే గాని, ఇందులోని కాలం మాత్రం కల్పన కాదు. ఈ వ్యాధి మొదలైన నాటికిని, దాని పేరు తేలిన నాటికిని మధ్య సుమారు మూడేండ్లో, అంతకు మించియో జరుగుతున్నదని వైద్యనిపుణులు పలు దేశాల రోగులను పరిశీలించి గుర్తించినారు. వైద్యసదుపాయాలు సమృద్ధిగా ఉన్న దేశాల్లోనే ఈ ఆలస్యమున్నది.

మన ప్రాంతంలో ఈ కథకు ఇంకొక మలుపు కలదు. మచ్చ ఎంతకీ పోకపోతే ఇంటిలోని పెద్దలకు లోలోపల కలిగే భయం ఒకటే: పెద్దరోగమేమోనని. ఈ భయానికి ఇక్కడ పాత కారణాలున్నవి. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీవారి కుష్ఠు వైద్యశాల దశాబ్దాల పాటు రోగులను ఆదరించినది. తెనాలిలో గ్రెట్నాల్టిస్ అనే కుష్ఠు నివారణ సంస్థ ఊరూరా తిరిగి మచ్చలను పరీక్షించి మందులిప్పించినది. ఈ కృషి వలన ఈ ప్రాంతపు సామాన్య గృహిణికి కూడా ఒక సంగతి తెలిసినది. మచ్చమీద స్పర్శ లేకపోతే వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఇది చాలా గొప్ప విషయం. కాని దీనికి రెండవ ప్రక్క ఒకటున్నది. మన రైతుగారి మచ్చమీద దూదిపింజతో తాకి చూస్తే స్పర్శ చక్కగా తెలుస్తుంది. ‘అమ్మయ్య, అది కాదు’ అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకొంటారు. మరల పసుపు, మరల గొట్టం మందు. స్పర్శ ఉన్నంత మాత్రాన మచ్చ మామూలుదని తేల్చుకొనరాదు. ఆలస్యంలో సగం ఈ నిట్టూర్పు దగ్గరనే జరుగుతున్నదని నా అభిప్రాయం.

చామనచాయ, నలుపు శరీరాలవారిలో, ముఖ్యంగా చిన్న వయసువారిలో ఈ వ్యాధి ఎరుపు మచ్చగా గాక తెల్లబారిన మచ్చగా కూడ కనబడుతుంది. అప్పుడు శోభి అనుకొంటారు, బొల్లి మొదలైనదేమో అనుకొంటారు. ఆ తెల్లమచ్చల రకం సాధారణంగా నెమ్మదైనది, చికిత్సకు బాగుగా లొంగుతుంది.

పేరు చూచి మోసపోవద్దు

ఈ వ్యాధి చర్మపు లింఫోమాలలో ఒకటి. మన రక్తంలోని తెల్లకణాలలో లింఫోసైట్లు అనేవి శరీరానికి కావలి కాసే కణాలు. వాటిలో ఒక తెగ అదుపు తప్పి చర్మంలోనే కాపురం పెట్టి పెరగనారంభిస్తే దానిని చర్మపు లింఫోమా అంటారు. కావలివాడే ఇంటిలో దూరి కూర్చున్నట్లు. వీటిలో ఎక్కువగా కనబడేది ‘మైకోసిస్ ఫంగాయిడిస్’. పారిస్ నగరంలోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో అలీబేర్ అనే వైద్యుడు 1806లో దీనిని మొదట వర్ణించినాడు. ముదిరిన కంతులు పుట్టగొడుగుల వలె ఉన్నవని తరువాత ఆ పేరు పెట్టినాడు. ఈ పేరు నేటికిని ఇబ్బంది పెడుతున్నది. రిపోర్టులో ‘ఫంగాయిడిస్’ అన్న మాట చూచి ఇంటిలో చదువుకొన్న కుర్రవాడు ‘ఇది ఫంగసేనండీ, తామర మందు చాలు’ అని చెప్పవచ్చును. ఇది ఫంగస్ కాదు, తామర కాదు. అంటదు కూడా. ఆ రోగి పక్కన పడుకొన్నందువలన, కంచం పంచుకొన్నందువలన ఎవరికిని రాదు.

చరకుడు కుష్ఠములను ఏడు మహాకుష్ఠములుగా, పదునొకండు క్షుద్రకుష్ఠములుగా మొత్తం పదునెనిమిదిగా విభజించినాడు. అందులో నేడు మనం తామర, గజ్జి, సోరియాసిస్ అని పిలిచే వాటికి పోలికలున్నవి. చర్మపు లింఫోమా ఇందులో ఫలానా దానికి సరిపోతుందని కొందరు గట్టిగా చెబుతారు. నాకు ఆ ధైర్యం లేదు. కంటితో చూచి చేసిన విభజన అది. ఈ వ్యాధిని నేటి చర్మవైద్యుడు కూడ కంటితో చూచి తేల్చలేడు. ముక్క పరీక్ష కావలెను.

ముక్క పరీక్ష అంటే మన ఇండ్లలో మరొక భయం. కత్తి తగిలితే క్యాన్సర్ పాకిపోతుందని. ఈ వ్యాధి విషయంలో అది నిరాధారం. మచ్చకు మత్తుమందు ఇచ్చి, మినపగింజంత చర్మపు ముక్కను గుండ్రని చిన్న పరికరంతో తీస్తారు. ఒకటి రెండు కుట్లు పడతాయి. మొదటిసారి తీసిన ముక్కలో ఏమియు తేలకపోవచ్చును. ఇది కూడ ముందే తెలిసియుండవలెను. రెండు మూడు సార్లు, వేరు వేరు మచ్చలనుండి తీయవలసిరావడం ఈ వ్యాధిలో సామాన్యం. పరీక్షకు ముందు కొన్ని వారాలు ఆ మచ్చపై స్టిరాయిడు పూతలు ఆపివేయమంటారు, పూసియుంటే ముక్కలోని ఆనవాళ్ళు చెదరిపోతాయి గనుక. పసరు పూస్తున్నవారు ఆ సంగతియు చెప్పవలెను. డాక్టరుగారు కోప్పడతారేమోనని దాచవద్దు.

వ్యాధి కొద్ది మచ్చలకే పరిమితమై, చర్మంలో పదవ వంతు కంటె తక్కువ భాగంలో ఉన్నప్పుడు చికిత్స మొదలుపెట్టినవారి ఆయుర్దాయం తక్కినవారి ఆయుర్దాయంతో సమానంగానే ఉన్నదని పరిశోధకులు తేల్చినారు. క్యాన్సర్ అన్న మాట వినగానే కాళ్ళు చల్లబడేవారికి ఈ సంగతి ముందుగా చెప్పవలెను.

‘కరెంటు పెట్టడం’ అంటే

మన ఊళ్ళలో రేడియేషన్ చికిత్సను ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఈ మాట వలన చాలామంది షాకు తగులుతుందని భయపడతారు. షాకూ లేదు, వేడీ లేదు, నొప్పీ లేదు. రాంట్జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నది 1895లో. ఏడేండ్లు తిరుగకముందే, 1902లో, ఈ చర్మవ్యాధికి వాటిని ప్రయోగించి చూచినారు. అంటే కిరణ చికిత్స పుట్టిన నాటినుండియు ఈ వ్యాధితో దానికి పరిచయమున్నది.

ఎందువలన? లింఫోసైటు జాతి కణాలు కిరణాలకు చాలా సులువుగా చస్తాయి. కిరణాల మోతాదును ‘గ్రే’ అనే కొలతలో చెబుతారు. పాత పుస్తకాలలోని 100 ర్యాడ్లు నేటి ఒక గ్రే. గొంతులోనో, గర్భాశయ ముఖద్వారంలోనో వచ్చే క్యాన్సర్లకు 60, 70 గ్రేల వరకు కావలసివస్తుంది. చర్మపు లింఫోమాకు అందులో సగం చాలును, కొన్నిసార్లు ఎనిమిదవ వంతే చాలును. మన ఇండ్లలో ‘కరెంటు పెడితే మనిషి కాలిపోతాడు’ అన్న భయం పెద్ద మోతాదుల చికిత్సలను చూచి పుట్టినది. ఆ భయాన్ని ఈ వ్యాధికి తెచ్చి అంటగట్టడం సరి కాదు.

రెండవ సంగతి లోతు. ఈ వ్యాధి చర్మంలో ఉన్నది. చర్మం మందం కొద్ది మిల్లీమీటర్లే. అధిక శక్తిగల ఎక్స్ కిరణాలు, కోబాల్టు యంత్రపు కిరణాలు శరీరాన్ని చీల్చుకొని లోపలికి పోతాయి, పైన ఉన్న చర్మానికి తక్కువగాను లోపలికి ఎక్కువగాను తగులుతాయి. ఇక్కడ కావలసినది దీనికి తలక్రిందులు. పైన తగలవలెను, లోపల ఆగిపోవలెను. ఆ గుణం ఎలక్ట్రాన్లకున్నది. లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం ఎలక్ట్రాన్లను మహావేగంతో బయటకు పంపుతుంది. 60 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల ఎలక్ట్రాన్లు శరీరంలో రెండు సెంటీమీటర్ల లోపుననే తమ పని ముగించి, మూడు సెంటీమీటర్లు దాటకముందే ఆగిపోతాయి. గుండె, ఊపిరితిత్తులు, పేగులు, మూత్రపిండాలు వాటి దారిలో లేవు. బియ్యం కడిగిన నీళ్ళు మొక్క మొదట్లో పోస్తే పైమట్టి తడిసి అక్కడనే ఇంకిపోయినట్లు.

మచ్చలు ఒకటి రెండే ఉన్నప్పుడు ఆ చోటికే కిరణాలిస్తారు. మచ్చ చుట్టు ఒకటి రెండు సెంటీమీటర్ల ఆరోగ్యమైన చర్మాన్ని కూడ కలుపుకొని, తక్కిన భాగానికి తగలకుండ సీసపు లోహంతో అచ్చు కడతారు. ఎలక్ట్రాన్ల ప్రభావం చర్మపు పైపొరలో కొంచెం తక్కువగా ఉంటుంది కనుక, మైనం వంటి మెత్తని పలకను మచ్చమీద పరుస్తారు. కిరణాలు ఆ పలకలో కొంత ప్రయాణించి చర్మానికి చేరేసరికి పూర్తి బలాన పనిచేస్తాయి. ‘నా ఒంటిమీద ఆ ముద్ద ఎందుకు పెట్టినారు?’ అని రోగి సందేహించనవసరం లేదు. వ్రేళ్ళు, చెవి, ముక్కు వంటి ఎగుడుదిగుడు చోట్లకు సన్నని గొట్టాలున్న పలకను అతికించి, వాటిలోనికి ఇరిడియం అనే రేడియోధార్మిక లోహపు గుళికను కొద్దిసేపు పంపి వెనుకకు తీసికొనే పద్ధతి కూడ ఉన్నది.

మోతాదు సంగతి ఇంటివారు శ్రద్ధగా వినవలసినది, ఎందుకనగా వారి ప్రయాణం దీనిపై ఆధారపడియున్నది. ఒంటిమీద ఒకే ఒక మచ్చ ఉన్న మైకోసిస్ ఫంగాయిడిస్‌ను పూర్తిగా పోగొట్టవలెనన్న సంకల్పంతో 24 నుండి 30 గ్రేల వరకు, రోజుకు రెండు గ్రేల చొప్పున రెండు మూడు వారాలు ఇస్తారు. చర్మంలో పుట్టే బి-కణాల లింఫోమాలలో నెమ్మదైన రెండు రకాలకు కూడ ఇదే మోతాదు, దానితో ఆ మచ్చ దాదాపు అందరిలోను కరిగిపోతుంది. ఆ నెమ్మది రకాలకే రెండు రోజుల్లో మొత్తం 4 గ్రేలు మాత్రమే ఇచ్చి ఊరుకొనే పద్ధతి కూడ ఉన్నది, తిరిగి వస్తే మరల ఇవ్వవచ్చును. కాలిమీద వృద్ధులలో వేగంగా పెరిగే ఒక బి-కణ లింఫోమా మాత్రం వేరు జాతి. దానికి మందుల చికిత్స ముందు, కిరణాలు తరువాత.

మచ్చలు అనేకమై, వాటిలో బాధపెట్టే కంతి ఒకటో రెండో ఉన్నప్పుడు ఒకే ఒక్కసారి 8 గ్రేలు ఇచ్చి పంపే పద్ధతిని 2013లో అమెరికా వైద్యులు ప్రచురించిన పరిశీలన బలపరచినది. 270 మచ్చలకు ఈ విధంగా ఒకేసారి ఇస్తే వందకు తొంబది నాలుగు పూర్తిగా మాయమైనవి. కృష్ణా డెల్టాలో నాట్ల సమయాన పొలం విడిచి రాలేని రైతుకు, ఇంటి పని విడిచి రాలేని గృహిణికి ఇది ఎంత మేలో వేరుగా చెప్పనక్కరలేదు. ‘డాక్టరుగారూ, నాకు ఒక్క రోజు పద్ధతి సరిపోతుందా?’ అని అడగడంలో తప్పు లేదు. అందరికిని సరిపోదు. అడిగితే ఎందువలనో చెబుతారు.

ఒళ్ళంతటికి చేసే చికిత్స

మచ్చలు శరీరమంతటా వ్యాపించినప్పుడు చర్మం మొత్తానికి ఎలక్ట్రాన్ చికిత్స చేస్తారు. 1950ల తొలి సంవత్సరాలలో అమెరికాలో ట్రంప్ అనే భౌతిక శాస్త్రవేత్త బృందం దీనికి నాంది పలికినది. ఆ దశాబ్దపు చివరి భాగంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు లీనియర్ యాక్సిలరేటర్‌తో దీనిని ఒక పద్ధతిగా తీర్చిదిద్దినారు. నేటికిని చాలా చోట్ల వారి ఆరు భంగిమల పద్ధతియే ఆధారం.

రోగి యంత్రానికి మూడు నాలుగు మీటర్ల దూరంలోనో, ఇంకను ఎక్కువ దూరంలోనో నిలువబడతాడు. దగ్గరగా పడుకొంటే కిరణం అరచేతి వెడల్పునో, రెండరచేతుల వెడల్పునో మాత్రమే పడుతుంది, దూరం పెరిగేకొలది అది విచ్చుకొని మనిషి నిలువెత్తునూ కప్పుతుంది. యంత్రపు తలను ఒకసారి కొద్దిగా పైకి, ఒకసారి కొద్దిగా క్రిందికి వంచి రెండు విడతలుగా ఇస్తారు. తలకును కాళ్ళకును సమానంగా అందుటకు ఈ ఏర్పాటు. రోగి ముందర పారదర్శకమైన ఆక్రిలిక్ పలక ఒకటి నిలుపుతారు. అది ఎలక్ట్రాన్ల వేగాన్ని కొంత తగ్గించి చెల్లాచెదరు చేస్తుంది, కిరణం చర్మపు లోతుకే పరిమితమవుతుంది.

ఇక భంగిమలు. మొదటి రోజు ఎదురుగా, తరువాత వెనుకనుండి ఏటవాలుగా కుడి ప్రక్క, ఎడమ ప్రక్క. రెండవ రోజు వీపు వైపు, తరువాత ముందునుండి ఏటవాలుగా రెండు ప్రక్కలు. చేతులు ఎత్తి, కాళ్ళు ఎడముగా ఉంచి నిలువబడవలెను. చూచినవారికి నాట్య భంగిమలవలె తోచవచ్చును. ఉద్దేశమేమంటే చంకలో, తొడల నడుమ, ప్రక్కటెముకలమీద మడతలు విప్పి కిరణం సోకేటట్లు చేయడం. అయినను అరికాళ్ళకు, నడినెత్తికి, స్తనాల క్రింది మడతకు, గజ్జలకు తగినంత అందదు. వాటికి వేరుగా కొంత అదనపు మోతాదు ఇస్తారు. కండ్లకు రెప్పల లోపలనో పైననో సీసపు కవచం, గోళ్ళకు కొన్ని రోజులు సీసపు తొడుగు పెడతారు. నిలువబడలేని వృద్ధులకు పడుకొనబెట్టి చేసే మార్గాలు, మెల్లగా తిరిగే పీటమీద నిలిపి చేసే మార్గాలు కూడ ఉన్నవి.

పూర్వం అందరికిని 30 నుండి 36 గ్రేలు ఇచ్చేవారు. రెండు రోజుల చుట్టుకు రెండు గ్రేలు, వారానికి నాలుగు రోజులు. అంటే తొమ్మిది వారాలు. ఇటీవలి కాలంలో 12 గ్రేల తక్కువ మోతాదు పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చినది. మూడు వారాల లోపు ముగుస్తుంది. పదిమందిలో తొమ్మిదిమందికి దాదాపుగా మచ్చలు బాగుగా తగ్గినవని అమెరికా, ఇంగ్లండు వైద్యులు వేరువేరుగా ప్రకటించినారు. అయితే పూర్తిగా మాయమైనవారు నలుగురిలో ఒకరో, అయిదుగురిలో ఒకరో. ఫలితం సుమారు ఏడాది నిలుస్తుంది. పెద్ద మోతాదులో పూర్తిగా పోయేవారి సంఖ్య ఎక్కువ, బాధయు ఎక్కువ. తక్కువ మోతాదుకు ఉన్న గొప్ప సౌలభ్యమేమంటే కొన్నేండ్లకు మరల ఇవ్వవచ్చును. ఏది మంచిదన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. అరువది దాటిన, మధుమేహమున్న, నిలువబడితే కాళ్ళు లాగే మనిషికి నేనైతే తక్కువ మోతాదును గురించి ముందుగా అడుగుతాను.

బావంచాల సంగతి

ఈ పత్రిక పాఠకులకు బావంచాలు క్రొత్త కాదు. బొల్లికి బావంచాల లేపం వేసి ఎండ చూపించడం మన ప్రాచీన వైద్యంలోనిది. ఆ గింజలలో సొరాలెన్ అనే పదార్థమున్నది. అది ఒంటికి పట్టినప్పుడు చర్మం వెలుగుకు విపరీతంగా స్పందిస్తుంది. ఆ జాతి పదార్థాన్ని కొలిచి మాత్రగా ఇచ్చి, కొలిచిన అతినీలలోహిత కాంతిలో నిలబెట్టే ‘పూవా’ చికిత్సను 1974లో సోరియాసిస్‌కు, 1976లో మైకోసిస్ ఫంగాయిడిస్‌కు ప్రకటించినారు. తొలిదశ మచ్చలకు నేటికిని అది మంచి చికిత్స. మాత్ర అక్కరలేని మరొక కాంతి చికిత్స కూడ ఉన్నది. మన ఊళ్ళలో దీనిని ‘లైటు పెట్టడం’ అంటారు. ఇది వేరు, ‘కరెంటు’ వేరు. రెండింటిని ఒకటిగా చెప్పుకొని పాత చీటీలు పారవేసేవారున్నారు. ఏది ఎన్నిసార్లు జరిగినదో వ్రాసిపెట్టుకొనవలెను.

ఇంతమాత్రాన ఇంటిలో బావంచాలు నూరి మచ్చకు పూసి బాపట్ల ఎండలో కూర్చోవచ్చుననుకొంటే ఒళ్ళంతా బొబ్బలు లేస్తాయి. గింజలో సారం ఎంతో, ఎండ ఎంతో కొలిచేవారు లేరు. కిరణ చికిత్స జరుగుతున్న చర్మంమీద దీని ప్రసక్తియే కూడదు. బిళ్ళగన్నేరు మాట కూడ ఇటువంటిదే. దానినుండి తీసిన విన్‌క్రిస్టిన్ లింఫోమాలకు ప్రసిద్ధమైన సూదిమందు, ఆకు నమిలితే మాత్రం అది విషం. ఈ వ్యాధిలో వాడే మెథోట్రెక్సేటు మాత్ర మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనల ఫలమని తెలిస్తే పాఠకులు సంతోషిస్తారు. దానిని కూడ వైద్యుడు చెప్పిన రోజున, చెప్పినంతే.

చికిత్స నాళ్ళలో ఇంటి జాగ్రత్త

కిరణాలు తీసికొన్న మనిషి ఒంటిలో కిరణాలు మిగలవు. ఇంటికి రాగానే మనుమడిని ఎత్తుకోవచ్చును. ఇది ఎన్నిసార్లు చెప్పినా చాలదు, ఎందుకనగా వేరు మంచం, వేరు కంచం పెట్టిన ఇండ్లున్నవి.

గోరువెచ్చని నీళ్ళు, మెత్తని సబ్బు, తుడుచుకొనునప్పుడు రుద్దక అద్దుకొనడం. నలుగు వద్దు, సున్నిపిండి వద్దు, నువ్వుల నూనె మర్దన వద్దు. పసుపు, వేప, గంధం పట్లు మంచివే గాని మంట తీసిన చర్మానికి అవి గరుకు. చికిత్సకు వెళ్ళేముందు ఒంటిమీద ఏ పూతయు ఉండరాదు. సాయంత్రం కొద్దిగా కొబ్బరి నూనె రాసుకొనవచ్చునా అని వైద్యుని అడిగి రాసుకొనవలెను. పాత నూలు పంచె, పాత నూలు చీర ఒంటికి హాయి.

పథ్యం పేరుతో వంకాయ, గోంగూర, చేప, గుడ్డు అన్నీ మానిపించి చారు అన్నం పెట్టడం మన ఇండ్లలో అలవాటు. చర్మం మరల కట్టుకొనుటకు మాంసకృత్తులు కావలెను. పప్పు, పెరుగు, గుడ్డు, చేప ఏదైనను తినేవారు తినవలసినదే. చర్మానికి చేసే ఈ చికిత్స పేగులను తాకదు కనుక గుంటూరు మిరపకాయను కూడ పూర్తిగా వెలివేయనక్కరలేదు.

ఒళ్ళంతటి చికిత్సలో చర్మం ఎండుతుంది, దురద రావచ్చును, పాదాలు వాస్తాయి, జుట్టు రాలుతుంది, గోళ్ళు ఊడవచ్చును. తక్కువ మోతాదులో ఇవి తక్కువ. జుట్టు, గోళ్ళు సాధారణంగా కొన్ని నెలల్లో తిరిగి వస్తాయి. వీటికంటె నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది చెమట. కిరణాలు తగిలిన చర్మంలో చెమట గ్రంథులు కొన్ని నెలలు సరిగా పనిచేయవు. రోహిణి కార్తెలో రేపల్లె పొలంలో చెమట పట్టని మనిషి నిలబడితే ఒళ్ళు కుండవలె కాగి పడిపోగలడు. చికిత్స పూర్తి అయినదని సంతోషించి వేసవిలో పనికి దిగేవారికి దీనిని ఎవరును చెప్పరు. తడిగుడ్డ, నీడ, మజ్జిగ, ఉదయపు వేళ పని. మరుసటి చలికాలం వరకు ఇట్లే గడపవలెను.

ఎక్కడికి పోవలెను

మొదటి గడప చర్మవైద్యుడు. కిరణ చికిత్సకు రేపల్లె నుండి తెనాలి రైలులో వచ్చి, అక్కడినుండి గుంటూరు పోవచ్చును. బాపట్లవారికి కూడ తెనాలి మీదుగా దారి ఉన్నది. గుంటూరు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో నాట్కో ట్రస్టువారు కట్టించి ఇచ్చిన క్యాన్సర్ కేంద్రం 2020లో మొదలైనది. హైదరాబాదులో 1955 నుండి ఎం.ఎన్.జె. సంస్థ, 2000 నుండి బసవతారకం ఆసుపత్రి ఉన్నవి. చెన్నైలో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954 నుండి ఉన్నది. మచ్చ ఒక్కదానికి ఇచ్చే ఎలక్ట్రాన్ చికిత్స, ఆ సదుపాయమున్న యంత్రం ఎక్కడ ఉంటే అక్కడ జరుగుతుంది. ఒళ్ళంతటి చికిత్సకు మాత్రం పెద్ద గది, ప్రత్యేకమైన కొలతలు, భౌతిక శాస్త్ర నిపుణులు కావలెను. దేశంలో కొద్ది పెద్ద కేంద్రాలే దానిని చేస్తాయి. కనుక బయలుదేరకముందే ‘మీ దగ్గర చర్మం మొత్తానికి ఎలక్ట్రాన్ చికిత్స చేస్తారా?’ అని ఈ మాటలతోనే అడిగించుకొనవలెను. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్.టి.ఆర్. వైద్య సేవగా నడుస్తున్న పథకంలో మీకు చెప్పిన చికిత్స వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడుగవచ్చును.

వెళ్ళేటప్పుడు సంచిలో పెట్టుకొనవలసినవి: ఇంతవరకు వాడిన గొట్టం మందులు, ఖాళీవైనను సరే. నాటువైద్యుడు ఇచ్చిన పొట్లాలు, భస్మాలు. ముక్క పరీక్ష కాగితం, అది చేసిన చోట అడిగి తెచ్చుకొన్న మైనపు దిమ్మ. మచ్చ ఏ ఏడు ఎంత ఉన్నదో తెలిపే ఫోటో ఏదైనా సెల్ ఫోనులో ఉంటే అదియు.

చికిత్స ముగిసిన తరువాత మచ్చ ఉన్నచోట చర్మం నల్లబడి నెలల తరబడి ఉంటుంది. దానిని చూచి ‘పోలేదండీ, కరెంటు పనిచేయలేదు’ అని మరల గొట్టం మందుకు పోయేవారున్నారు. నలుపు వేరు, వ్యాధి వేరు. వ్రేలితో తడిమి చూడండి. గట్టిదనం, పొట్టు, దురద లేకపోతే అది మిగిలిన రంగు మాత్రమే. అవి తిరిగి కనబడినా, క్రొత్త చోట మచ్చ లేచినా తారీఖు వ్రాసుకొని అదే వైద్యునికి చూపవలెను. తక్కువ మోతాదు తీసికొన్నవారికి అదే చికిత్స మరొకసారి చేసే వీలు మిగిలియే ఉంటుంది.